కొండల్లో రాసుకోవడం మానెయ్యమంటారా?

విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు, వేయడం లేదు. ఆవిడకి 41 ఏళ్ళు, ఆఫీసు ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. మూడేళ్ళ కిందట నాన్నగారు పోయారు. ఆ తర్వాత చాలాకాలం రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదట. ఆఫీసులో తనకన్నా పదేళ్ళు పెద్దావిడ ఒకరు (ఉత్తరమంతా "అక్క" అనే రాశారు) ఒక ఆదివారం పట్టుబట్టి వంజంగి కొండకి తీసుకెళ్ళారు. చీకట్లో టార్చిలైటు పట్టుకుని ఎక్కి, పైన మబ్బుల మీంచి సూర్యుడు రావడం చూశారు. ఇంటికొచ్చి, పిల్లల పాత నోటుబుక్కులో మిగిలిన కాగితాల మీద ఒకటిన్నర పేజీ రాసుకున్నారు. ఆ రాత్రి నిద్ర పట్టింది.

అప్పట్నుంచి తొమ్మిదిమంది గ్రూపుగా ప్రతి నెలా రెండో ఆదివారం పాడేరు, అనంతగిరి, అరకు వైపు నడుస్తున్నారు. ఇప్పుడు మూడో నోటుబుక్కు నడుస్తోంది. కష్టం ఒకదాని తర్వాత ఒకటి వచ్చిందంటున్నారు. జూలైలో అనంతగిరి దగ్గర వానకి బ్యాగులోకి నీళ్ళు దిగి, జెల్ పెన్నుతో రాసిన రెండో నోటుబుక్కులో నలభై పేజీలు నీలం మరకలయ్యాయి. దారిలో ఆగి రాస్తుంటే, గ్రూపుని నడిపించే ఆయన "రాసుకోవాలంటే ఇంట్లో రాసుకోండమ్మా, మీ కోసం అందరం ఆగాల్సి వస్తోంది" అని నలుగురి ముందూ అన్నారు. ఇక ఆగస్టులో పాడేరులో బస చేసిన రాత్రి, జీపు డ్రైవరు ఫోన్ నంబరు కోసం అక్క ఈ పాఠకురాలి నోటుబుక్కు తెరిచారు. అందులో ఇలా ఉంది: "ఈవేళ కొండ వినపడలేదు. అక్కకి నడకంటే మాట ఎక్కువ. ఒక్క గంట నోరు మూసుకుంటే ఎంత బాగుండేది."

అక్క ఏమీ అనలేదు. నంబరు చూసుకుని పుస్తకం మూసి ఇచ్చేశారు. మూడు రోజుల తర్వాత వాట్సాప్ గ్రూపులోంచి వెళ్ళిపోయారు. ఆఫీసులో మధ్యాహ్నం వేరే బల్ల దగ్గర తింటున్నారు. ఈ పాఠకురాలికి ఆ రోజు నుంచీ పెన్ను పట్టుకుంటే చెయ్యి ఆడటం లేదు. "రాయకపోతే నడిచినట్టే ఉండటం లేదు, రాస్తే మనుషులు దూరమవుతున్నారు. మానెయ్యనా? ఆ పేజీ చింపేసి క్షమాపణ అడగనా? ఇకమీదట చెట్ల గురించి, పిట్టల గురించే రాసుకోనా? ఫోన్లో రికార్డు చేసుకోమంటున్నారు మా ఆయన. నాన్న ఉంటే ఇవన్నీ ఫోన్ చేసి ఆయనకే చెప్పేదాన్ని, ఈ నోటుబుక్కుల గొడవే ఉండేది కాదు" అని ముగించారు. చివర్లో ఒక చిన్న సందేహం కూడా అడిగారు, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముప్పై ఏళ్ళు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి, ఏటా పిల్లల్ని కొండలకి తీసుకెళ్ళినదాన్ని. నడిచే మనిషి చేతిలో నోటుబుక్కు ఉంటే ఏం జరుగుతుందో, లేకపోతే ఏం పోతుందో దగ్గర్నుంచి చూశాను. మీకు ఇవన్నీ ఒకే కష్టంలా కనిపిస్తున్నాయి. వాన, ఆ పెద్దమనిషి మాట, అక్క అలక, మూడూ కలిసి "నువ్వు రాయకూడదు" అని చెబుతున్నట్టు అనిపిస్తోంది. కానీ మొదటిది పెన్నుకి సంబంధించింది, రెండోది టైముకి సంబంధించింది. మనుషులకి సంబంధించింది మూడోదొక్కటే. ముందు తేలిగ్గా విడిపోయే ముడులు విప్పేద్దాం.

కొండలకి జెల్ పెన్ను పనికిరాదు. ఆ సిరాలో ఎక్కువ భాగం నీళ్ళే, చాలావాటికి ఒక్క చుక్క పడితే చాలు, అల్లుకుపోతుంది. బాల్ పెన్ను కొంత నయం కానీ చెమ్మగిల్లిన కాగితం మీద అదీ మొరాయిస్తుంది. పెన్సిల్‌ది అలా కాదు. అది కాగితం మీద వదిలేది గ్రాఫైటు పొడి, నీళ్ళలో కరగదు. దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ 1912 మార్చిలో చనిపోయిన కెప్టెన్ స్కాట్ డైరీ పెన్సిల్‌తో రాసిందే. అంత చలిలో సిరా గడ్డకట్టేస్తుంది. అదే ఏడాది నవంబరులో గుడారంలో దొరికినప్పుడు కూడా చదవగలిగారు. మీకు కావలసింది మెత్తగా రాసే పెన్సిల్ ఒకటి, జేబులో పట్టే గట్టి అట్ట పుస్తకం, జిప్ ఉన్న ప్లాస్టిక్ కవరు. బ్యాగు అడుగున కాదు, పై జేబులో పెట్టుకోండి. ఇంటి దగ్గర మాత్రం మీ జెల్ పెన్ను మీదే.

తడిసిన పుస్తకాన్ని పారేయకండి. ఇప్పటికి ఆరిపోయి ఉంటుంది. అంటుకున్న పేజీలుంటే లాగకండి, సన్నటి స్కేలు మెల్లగా దూర్చి విడదీయండి. రాత్రి గదిలో లైటు తీసేసి, పేజీ పక్కనుంచి టార్చి ఏటవాలుగా వేసి చూడండి. సిరా పోయినా, మీరు ఒత్తి రాసే మనిషైతే పెన్ను మొన దిగిన గాడి కాగితంలో ఉంటుంది. అన్నీ రావు, అక్కడో మాట ఇక్కడో మాట వస్తుంది. గ్రూపులో వాళ్ళు తీసిన ఫొటోల్లో తేదీ, టైము ఉంటాయి, వాటిని పక్కన పెట్టుకుంటే ఇంకొంత దొరుకుతుంది. అలా తిరిగి రాసేటప్పుడు మాత్రం ఈ రోజు తేదీయే వేసి, "గుర్తున్నంతవరకు" అని పైన రాయండి. పాత తేదీ వేస్తే మరో ఐదేళ్ళకి మీరే మోసపోతారు.

ఇక దారిలో ఆగడం. ఇక్కడ నేను మీ పక్షం కాదు. రోజుకి ఇరవై సార్లు ఆగుతానని మీరే రాశారు. ఒక్కోసారి మూడు నిమిషాలే అనుకున్నా గంట అవుతుంది. కొండ ఎక్కేటప్పుడు ఊపిరి ఒక పద్ధతిలో పడ్డాక ఆగితే మళ్ళీ కాలు కదలదు. చెమట ఆరి ఒళ్ళు చల్లబడుతుంది. పైగా తొమ్మిదిమందిలో ఒకరు వెనకబడితే, నడిపించే మనిషికి ఆ ఒక్కరి గురించే టెన్షన్. ఆయన నలుగురి ముందూ అనకుండా ఉండాల్సింది, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు. ఫోటోల కోసం ఆగే వాళ్ళని ఏమీ అనలేదని మీరు నొచ్చుకున్నారు. అదీ నిజమే అయ్యుండొచ్చు. అయినా వాళ్ళ లెక్క పక్కన పెట్టి మీ లెక్క మీరు చూసుకుంటే మంచిది.

దీనికి మూడు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, మీ ఆయన అన్నట్టు ఫోన్లో చెప్పుకోవడం. కాలు ఆగక్కర్లేదు. కానీ పక్కన నడిచేవాళ్ళు వింటుంటే మీరు చెప్పేది మారిపోతుంది. తర్వాత ఆ రికార్డింగులు కూర్చుని వినేవాళ్ళు తక్కువ. నా దగ్గరే అలాంటివి బోలెడు ఉన్నాయి, వినలేదు. రెండోది, దారిలో అసలేమీ రాయకుండా సాయంత్రం రాయడం. అందరికీ హాయి. కానీ సాయంత్రానికి పెద్ద విషయాలే మిగులుతాయి, జలపాతం, భోజనం, కాళ్ళ నొప్పులు. పొద్దున తొమ్మిదింటికి మీరు చూసిన చిన్న సంగతి ఉండదు. మూడోది నాకు పనికొచ్చింది. అందరూ నీళ్ళు తాగడానికి ఎలాగూ ఆగుతారు కదా, అప్పుడు నాలుగంటే నాలుగు మాటలు, అంతే. పూర్తి వాక్యం కూడా వద్దు. రాత్రి పడుకునేలోపు ఆ నాలుగు మాటల్నీ పేజీగా విప్పాలి.

ఇది నేను కనిపెట్టింది కాదు. అమెరికాలో బర్క్‌లీలోని జంతుశాస్త్ర మ్యూజియానికి 1908 నుంచి డైరెక్టరుగా ఉన్న జోసెఫ్ గ్రిన్నెల్ తన శిష్యులందరికీ ఇదే అలవాటు చేశాడు. తిరిగేటప్పుడు చిన్న పుస్తకంలో ముక్కలు ముక్కలుగా రాసుకోవాలి, ఆ రోజు గడవకముందే పెద్ద పుస్తకంలో వివరంగా దించాలి. వందేళ్ళ కిందట రాసిన ఆ పేజీలు పట్టుకుని, ఇప్పటి శాస్త్రవేత్తలు అవే చోట్లకి వెళ్ళి ఏ జంతువు ఉందో, ఏది తరలిపోయిందో పోల్చి చూస్తున్నారు.

ఆ రోజే విప్పాలన్న షరతు ఎందుకో చెబుతాను. తలకోన అడవిలో ఒకసారి నేను రాసుకున్న నాలుగు మాటలు: "వెదురు – కీచు – గాలి లేదు". ఆ రాత్రి విప్పితే మొత్తం తిరిగొచ్చింది. గాలి కదలని మధ్యాహ్నం, పొదలో ఒక ముదురు వెదురు ఇంకోదాని మీద ఒరిగి ఉంది. ఎక్కడో పైన కోతి దూకితే ఆ బరువుకి రెండూ రాసుకుని కీచుమన్నాయి. కోతి మాకు కనిపించలేదు, ఆకులు మాత్రం కాసేపు రాలాయి. అదే పుస్తకంలో మరో పేజీలో "ఎర్ర తలుపు, రెండు మేకలు" అని ఉంది. ఆ రాత్రి అలిసిపోయి పడుకున్నాను. ఇవాళ్టికీ ఆ తలుపు ఏ ఊరిదో, మేకలు ఏం చేశాయో నాకు తెలియదు.

ఇప్పుడు అక్క దగ్గరికి వద్దాం. మీరు ఎక్కువ బాధపడుతున్నది దీనికే.

మీ ఉత్తరంలో నాకు ముఖ్యంగా కనిపించింది నాన్నగారి గురించి మీరు చివర్లో రాసిన మాట. మీరు ఇన్నాళ్ళుగా ఆ నోటుబుక్కుల్లో ఆయనతోనే మాట్లాడుతున్నారు. అందులో తప్పేమీ లేదు, చాలామంది యాత్రలు అలాగే రాశారు. ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చేవరకు దారి పొడుగునా రాసిందంతా తన స్నేహితుడు శ్రీనివాస పిళ్ళై గారి కోసమే. చదివే మనిషి మొహం కళ్ళముందు ఉంది కాబట్టే ఏ ఊళ్ళో ఏం దొరుకుతుంది, దారి ఎలా ఉంది అన్నీ విడమరిచి చెప్పారు.

అయితే ఒక తేడా ఉంది. నాన్నగారు ఉండి, మీరు ఫోన్ చేసి "నాన్నా, ఆ అక్క నోరు ఆపదు, ఇవాళ కొండే వినపడలేదు" అన్నారనుకోండి. ఆయన నవ్వేవారు. "మరి ఆవిడ లేకపోతే నువ్వు ఆ కొండ ఎక్కేదానివా?" అనేవారేమో. అప్పుడు మీరు "అదీ నిజమేలే, మొన్న నిటారు ఎక్కుడులో నా బ్యాగు కూడా తనే మోసింది" అనేవారు. బ్యాగు సంగతి నాకు మీ ఉత్తరంలోనే తెలిసింది. నోటుబుక్కులో రాశారా? రాసి ఉండరని నా అనుమానం. కాగితం ఎదురు ప్రశ్న వేయదు. అందుకే విసుగు రాసిన దగ్గరే సంభాషణ ఆగిపోయింది, రెండో సగం కాగితం మీదికి రాలేదు. అక్క చదివింది ఆ మొదటి సగాన్ని.

ఇంకోటి కూడా ఆలోచించండి. ఆవిడ గంటసేపు మాట్లాడింది దేని గురించి? కూతురికి సంబంధాలు కుదరకపోవడం, ఇంట్లో మామగారి అనారోగ్యం అని మీరే ఒక మూల రాశారు. నెలకోసారి ఇల్లు వదిలి వచ్చి ఆవిడ ఆ మాటలు ఎవరితో చెప్పుకోవాలి? మీరు నోటుబుక్కు దగ్గర దించుకునే బరువుని ఆవిడ మీ దగ్గర దించుకుంటోంది. అది తెలిసినా విసుగు రాకుండా ఉండదు, రావడం తప్పూ కాదు. కొండ మీద నిశ్శబ్దం కావాలనుకోవడం మీ హక్కు. కానీ ఆ మాట ఆవిడతో అనాల్సింది, పుస్తకంతో అన్నారు. "అక్కా, పైకెళ్ళేదాకా ఒక అరగంట మాట్లాడకుండా నడుద్దామా, దిగేటప్పుడు అంతా వింటాను" అంటే సరిపోయేది. నేను పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు మొదటి అరగంట ఎవరూ మాట్లాడకూడదని ముందే చెప్పేదాన్ని. ఎవరూ నొచ్చుకోలేదు, ఎందుకంటే అది అందరికీ కలిపి చెప్పిన మాట.

పేజీ చింపడం గురించి అడిగారు. చింపితే మీకు ఒక రోజు హాయిగా ఉంటుంది. కానీ ఆవిడ చదివింది ఆవిడ మనసులోంచి చిరగదు. "చింపేశాను అక్కా" అని వెళ్ళి చెబితే, రాసినందుకు కాదు, దొరికిపోయినందుకు బాధపడుతున్నట్టు ఉంటుంది. అలాగే, అక్క గురించి మెచ్చుకుంటూ రాసిన పాత పేజీలు వెతికి చూపించాలని కూడా అనిపించొచ్చు. వద్దు. ఇప్పుడు చూపిస్తే అవి సాక్ష్యాల్లా కనిపిస్తాయి, ఆవిడ మనసు ఇంకా చివుక్కుమంటుంది.

ఏమీ చేయకుండా కొన్నాళ్ళు ఊరుకోవడమూ ఒక దారే. కొందరు పెద్దవాళ్ళు వాళ్ళంతట వాళ్ళు చల్లబడతారు, ఆ మాట ఎత్తితేనే ఇంకా ఇబ్బందిపడతారు. కానీ మీరు రోజూ ఒకే ఆఫీసులో ఉంటారు. మాట్లాడకపోవడం నెల దాటి రెండు నెలలైతే అదే అలవాటైపోతుంది, తర్వాత కదపడం కష్టం. అక్క స్వభావం మీకు తెలుసు, నాకు తెలియదు. నాకు తోచినంతలో మాత్రం వెళ్ళి మాట్లాడటమే మేలు. ఆఫీసులో కాదు, ఇంటికి వెళ్ళండి. "నేను అలా అనుకోలేదు అక్కా" అనకండి, అనుకున్నారు కాబట్టే రాశారు, అది ఆవిడకీ తెలుసు. ఆ రోజు విసుగొచ్చిన మాట నిజమని, నోటితో చెప్పకుండా అలా రాసుకున్నందుకు బాధగా ఉందని, బ్యాగు మోసిన సంగతి రాయనే లేదని చెప్పండి. ఆవిడ కోప్పడొచ్చు. "నా గురించి ఇంకేం రాశావు?" అని అడగొచ్చు. అడిగితే చూపిస్తారా లేదా అన్నది వెళ్ళకముందే తేల్చుకోండి. చూపించకపోయినా తప్పు లేదు, కానీ అప్పటికప్పుడు తడబడితే ఇంకా ఏదో ఉందనుకుంటారు. ఇంత చేసినా ఆవిడ గ్రూపుకి తిరిగి రాకపోవచ్చు. ఆ సంగతి మీ చేతుల్లో లేదు.

మళ్ళీ ఎవరైనా తెరిస్తే ఎలా అన్న భయానికి రెండు పుస్తకాలు పెట్టుకోవచ్చు. కొండకి తీసుకెళ్ళేదాంట్లో దారి, టైము, ఊట నీళ్ళు ఎక్కడున్నాయి, డ్రైవరు నంబరు, మీ నాలుగు మాటలు. ఎవరు చూసినా ఏమీ కాదు. మనుషుల గురించి రాసేది ఇంట్లో ఉంటుంది. దీనివల్ల ఒక లాభం, ఇంటికొచ్చి రాసేసరికి విసుగు సగం తగ్గుతుంది. నష్టం ఏమిటంటే కొండ పుస్తకం మెల్లగా బస్సు టైంటేబుల్లా తయారవుతుంది.

మనుషుల్ని పూర్తిగా తీసేసి చెట్లూ పిట్టలే రాస్తానంటే మాత్రం నేను వద్దనే అంటాను. మీరు నడిచే కొండలు ఖాళీ కొండలు కావు. కాఫీ తోటల్లో పనిచేసేవాళ్ళు, అడ్డాకులు కుట్టేవాళ్ళు, సంతకి పోయేవాళ్ళు దారి పొడుగునా ఉంటారు. చెట్టు పేరు చెప్పేదీ వాళ్ళే. కలివికోడి కథ మీకు తెలిసే ఉంటుంది. 1900 తర్వాత శాస్త్రవేత్తలెవరి కంటా పడలేదు, అంతరించిపోయిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్ళీ దొరికిందంటే, అక్కడి పొదల్లో తిరిగే మనుషులకి ఆ పిట్ట తెలిసి ఉండబట్టే. వాళ్ళని అడిగి, వాళ్ళు చెప్పింది విన్నారు కాబట్టే దొరికింది. అందుకని మనుషుల్ని రాయండి. వాళ్ళ మీద తీర్పు రాయకుండా, వాళ్ళు ఏం చేశారో, ఏమన్నారో రాయండి. "అక్కకి నడకంటే మాట ఎక్కువ" అన్నది తీర్పు. "అక్క గంటసేపు కూతురి సంబంధాల గురించి చెప్పింది. నాకు పిట్ట అరుపు వినాలని ఉంది, చెప్పలేకపోయాను" అన్నది ఆ రోజు జరిగింది. ఈ రెండోది అక్క చదివినా గ్రూపు వదిలి వెళ్ళేవారు కాదని అనుకుంటున్నాను. అందులో మీరు కూడా ఉన్నారు.

చెయ్యి ఆడటం లేదన్నారు. ఈ రెండో ఆదివారానికి పెద్దగా ఏమీ పెట్టుకోకండి. నీళ్ళు తాగే చోట నాలుగు మాటలు రాయండి, రాత్రికి విప్పాలనిపిస్తే విప్పండి, లేకపోతే ఈ ఒక్కసారికి వదిలేయండి. ఒక నెల కొండకి వెళ్ళి ఏమీ రాయకుండా తిరిగొచ్చినా, మీరు నాన్నగారికి దూరమైనట్టు కాదు.

ఇక మీ చివరి సందేహం. కిందటి నవంబరులో అరకు దారిలో కొండవాలంతా పసుపచ్చగా పూసిన చేలు చూశారు. పొలంలో ఉన్న ఒక ముసలమ్మని అడిగి పేరు రాసుకుంటే ఆ పేజీ కూడా వానలో పోయింది, పేరు గుర్తు రావడం లేదన్నారు. అవి వలిసెలు. గింజలు ఆడించి నూనె తీస్తారు. మళ్ళీ పూసే రోజులు దగ్గరికొచ్చాయి, వెళ్ళినప్పుడు నూనె ఎలా ఆడిస్తారో కూడా ఆవిడనే అడగండి, పెన్సిల్‌తో రాసుకోండి.